అవ్వ కట్టిన కట్టు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: నడింట్లో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకున్న నాయిన ఎల్లేష్, ఆయన తల దగ్గర విసనకర్రతో మా అవ్వ బాలనర్సమ్మ, పొయ్యి దగ్గర చాయ పెడుతున్న అమ్మ, పక్కింటి సుక్కమ్మ, నాయినను చూడ్డానికని గౌడవెల్లి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన సుక్కమ్మ ఆడబిడ్డ, ఆమె తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్టు, ఆ ప్యాకెట్టునే చూస్తున్న మేక. నేను తలుపు వెనక ఉన్నాను. కొత్తవాళ్లు ఎవరొచ్చినా నేను తలుపు వెనకే ఉంటాను. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఆ ఎండాకాలం నాకు చాలా మటుకు అక్కడే గడిచింది. అక్కడ నిలబడి విన్నదంతా సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని.

సుక్కమ్మ ఆడబిడ్డ నాయిన మొహం చూసింది. చేతులు చూసింది. కాళ్లు చూసింది. తర్వాత సుక్కమ్మను చూసింది.

"కారు గుద్దిందంటివి గద వదినె."

"గుద్దింది."

"మరి దెబ్బేది?"

"నడుముల తాకిందక్కా," అంది అమ్మ చాయ గ్లాసు ఇస్తూ.

"నడుములనా." ఆమె గ్లాసు పక్కన పెట్టి, వంగి బల్ల కిందికి చూసింది. అటు నుంచి ఏమైనా కనపడుతుందేమో అనుకున్నట్టుంది. "నెత్తురు కారలేదా?"

"కారలేదక్కా."

"జరంతన్న?"

నాయినకు సిగ్గేసింది. "లేదక్కా," అన్నాడు, బదులడగడానికి వచ్చినవాళ్లకు ఇంట్లో చక్కెర లేదని చెప్పినట్టు.

ఆమె చాయ తాగి వెళ్లిపోయింది. వాకిట్లో చెప్పులేసుకుంటూ సుక్కమ్మతో అన్న మాట తలుపు వెనకున్న నాకు బాగా వినపడింది. "మంచిగనే ఉన్నడు గదనే. పెండ్లికొడుకు లెక్క పండుకున్నడు."

ప్రమాదం సంగతి పెద్దదేం కాదు. హోలీ దాటిన ఆదివారం నాయిన కొత్తిమీర, పాలకూర కట్టలు మోపెడ్ మీద వేసుకుని మేడ్చల్ మార్కెట్‌కు బయలుదేరాడు. మా లాల్‌గడి మలక్‌పేట్ దాటగానే ఒక కొత్త వెంచర్ కమాను ఉంది. అక్కడ వెనక నుంచి కారొచ్చి గుద్దింది. కారు రాజారావుది. ఆయనది మా ఊరే. ప్లాట్లు అమ్ముతాడు, ఆదివారాలు కొనేవాళ్లను కారులో తిప్పి చూపిస్తాడు. ఆ రోజు కూడా వెనక సీటు వైపు తిరిగి ఈశాన్యం బిట్టు గురించి చెబుతూ నడుపుతున్నాడు. నాయిన ఎగిరి కమాను దిమ్మె మీద పడ్డాడు, నడుము పెట్టి. కారులోంచి దిగినాయన ఒకరు నాయినను లేపబోతూ ఇక్కడ గజం ఎంత పోతోందని అడిగాడట. నాయిన చెప్పాడట కూడా.

సర్కారు దవాఖానాలో స్కాన్ తీశారు. వెన్నుపూస ఒకటి చిట్లిందన్నారు. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, ముందుముందు పడొచ్చు. గట్టి బల్ల మీద పడుకోవాలి, లేచినప్పుడు బెల్టు పెట్టుకోవాలి, ఏడాది దాకా బరువు ఎత్తకూడదు. నాయిన పనంతా బరువు ఎత్తడమే. నీళ్ల డబ్బాలు, ఎరువు బస్తాలు, తడిసిన ఆకుకూర మూటలు. డాక్టరు చెప్పింది మాకు అర్థమైంది. ఊరికి మాత్రం అర్థం కాలేదు. బెల్టు అంగీ లోపల ఉంటుంది, చిట్లిన ఎముక ఇంకా లోపల ఉంటుంది. వచ్చినవాళ్లు అరటిపండ్లు పెట్టి, చూడ్డానికి ఏమీ దొరకక, మేకను చూసి పోయేవాళ్లు.

వారం తిరిగేసరికి సుక్కమ్మ వార్త మోసుకొచ్చింది. "నేనంటలేనత్తా, అంటున్నరు. రాజారావు దగ్గర పైసలు గుంజుదామని ఎల్లేషు పండుకున్నడంట."

అవ్వ లేచింది. విసనకర్ర కింద పెట్టి లోపలికి పోయింది. తాత పాత ధోతి ఒకటి పర్రున చింపింది. గడపకు పూసే ఎర్ర జాజు కొంచెం, పసుపు కొంచెం నీళ్లలో కలిపింది. వచ్చి నాయిన ఎడమ కాలికి చీలమండ నుంచి మోకాలి దాకా కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, నాకు కాలు నొస్తలేదే."

"నొప్పి నీకు. కట్టు ఊరికి. నువ్వు పండుకో."

"నడుముకన్న కట్టరాదే."

"వచ్చిన ఆడోళ్లందరికి అంగీ లేపి సూపెడ్తవా?"

నాయిన అంగీ కిందికి లాక్కున్నాడు. లేచి కట్టు విప్పుకునే శక్తి లేదు. అవ్వ జాజు నీళ్లు వేళ్లతో అక్కడక్కడ అద్ది, దూరం జరిగి చూసి, ఇంకో చోట అద్దింది. ముగ్గు వేసేటప్పుడు కూడా ఆమె అలాగే చూస్తుంది.

మర్నాటి నుంచి మా ఇంటి వైభవమే మారిపోయింది. గడప దాటుతూనే అందరూ "అయ్యో" అన్నారు. అరటిపండ్లు పోయి దానిమ్మలు వచ్చాయి. సుక్కమ్మ ఆడబిడ్డ మళ్లీ ఆటోలో వచ్చింది, ఈసారి ఏడ్చింది కూడా. అవ్వ కథ కూడా రోజురోజుకూ పెరిగింది. మొదట ముందు టైరు ఎక్కిందంది. తర్వాత వెనక టైరు కూడా ఎక్కింది. ఉగాది నాటికి కారు రివర్సులో వచ్చి మళ్లీ ఒకసారి ఎక్కింది. నాయిన కళ్లు మూసుకుని వినేవాడు. నొప్పికి అలా మూసుకున్నాడని చూసేవాళ్లు అనుకునేవాళ్లు.

ఒక పొద్దున రాజారావే వచ్చాడు, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని. లోపలికి వస్తూ దర్వాజా వైపు, కిటికీ వైపు చూశాడు. "ఇల్లు మంచి జాగల ఉంది తమ్మీ. తూర్పు మొఖం," అన్నాడు. అలవాటు. తర్వాత కట్టు చూసి గతుక్కుమన్నాడు. తన కారు కాలి మీద ఎక్కినట్టు ఆయనకే గుర్తు లేదు మరి. కానీ అడగలేకపోయాడు.

"తమ్మీ ఎల్లేషూ, మనం మనం ఒక ఊరోళ్లం. రేపు మొఖాలు చూసుకోవాలె. గీ కేసులు, కోర్టులు మనకెందుకు? దవాఖాన ఖర్సు నేను జూసుకుంట. గిది రాజీ కాయితం. ఇగ నీకు నాకు ఏం లేదు, ఎవ్వల మీద కేసు లేదు అని సంతకం పెట్టు, అయిపోతది."

"పెట్టు ఎల్లేషూ," అన్నారు పెద్దమనుషులు. "రాజారావు ఎటు పోతడు."

నాయిన మెత్తటి మనిషి. గుద్దినవాడు ఇంటికొచ్చి నిలబడితే ఆయనకే తప్పు చేసినట్టుంటుంది. చెయ్యి చాచి పెన్ను తీసుకున్నాడు. పడుకునే ఉన్నాడు కాబట్టి అట్ట మీద కాగితం పెట్టి మొహం మీద పైకెత్తి పట్టుకున్నాడు. పెన్ను ఆనించాడు. 'ఎ' సగం పడింది, మిగతాది పడలేదు. మొన పైకి ఉంటే బాల్‌పెన్ను రాయదు.

రాజారావు పెన్ను తీసుకుని విదిలించి ఇచ్చాడు. మళ్లీ పావు అక్షరం పడి ఆగింది. ఒక పెద్దమనిషి తన పెన్ను ఇచ్చాడు. అదీ అంతే.

"జర లేసి పెట్టు తమ్మీ."

"లేవద్దన్నరే అన్నా."

"మరి పక్కకన్న తిరుగు."

నాయిన తిరగబోయి పళ్లు బిగించి ఆగిపోయాడు. వాళ్లు ముగ్గురూ పెన్నులు విదిలించుకుంటూ ఉండగా నేను తలుపు వెనక నుంచి అమ్మ కొంగు లాగాను. చలికాలంలో మా స్కూలుకు లక్ష్మీకాంతమ్మ మేడం అని ఒక లాయరమ్మ వచ్చి చట్టాల గురించి చెప్పింది. మేడ్చల్ కోర్టు దగ్గర పేదవాళ్ల కేసులు ఉత్తగనే చూస్తానంది. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఎవరినైనా అడగమంది. ఇంత పొడుగు మాట నేను అమ్మ చెవిలో చెప్పడం అదే మొదలు.

అమ్మ నాయిన చేతిలోంచి అట్ట తీసుకుంది. "పెన్నులు మంచిగ లేవన్నా. కాయితం ఈడ్నే ఉండనియ్యి, మేం జూసి చెప్తం," అంది.

అమ్మ, నేను మేడ్చల్ పోయి ఇస్తే లక్ష్మీకాంతమ్మ మేడం కాగితం చదివి, కళ్లద్దాలు తీసి అమ్మను చూసింది.

"ఇది సంతకం పెట్టి ఉంటే నువ్వు నా దగ్గరికి రావాల్సిన పనే ఉండకపోవు. కేసంటే రాజారావు మీద పగ కాదమ్మా. కారుకు బీమా ఉంటది, ఇయ్యాల్సింది బీమా కంపెనీ. రేపు మీ ఆయనకు ఆపరేషన్ పడితే? ఏడాది పని లేకపోతే? ఇందులో సంతకం పడ్డదంటే ఇగ దేనికీ అడగనీకి ఉండదు."

దవాఖానాకు వచ్చి పోలీసులు రాసుకున్న ఎఫ్‌ఐఆర్ నకలు తెమ్మంది. స్కాన్లు, చీటీలు, మందుల బిల్లులు ఒక్కటి పారేయొద్దంది. డాక్టరు రమ్మన్న రోజు తప్పకుండా పొమ్మంది. "ఇంకో మాట. కేసు గురించి ఎవ్వరితోని మాట్లాడొద్దు. ఫోటోలు తియ్యనియ్యొద్దు," అంది. కేసు కాగితం రాయడానికి మేడం నడుము గురించి అడిగింది, అమ్మ నడుము గురించే చెప్పింది. కాలి ఊసు ఎవరికీ రాలేదు.

అమ్మ మేడం మాటను దేవుడి మాటలా పట్టుకుంది. నీళ్ల దగ్గర ఎవరైనా "ఎల్లేషు ఎట్లున్నడు?" అంటే, "మేడం మాట్లాడొద్దన్నది," అనేది. పాలాయన "రేపు పాలు ఎన్ని?" అంటే దానికి కూడా ఒక నిమిషం ఆలోచించేది. దాంతో ఇంటి తరఫున మాట్లాడే పని మొత్తం అవ్వ మీద పడింది. అవ్వ మేడ్చల్ రాలేదు, మేడం మాట వినలేదు.

అప్పుడొచ్చాడు అన్వేష్ అని ఒకతను. ఇస్త్రీ చొక్కా, చేతిలో దానిమ్మల సంచి. అమ్మ, నేను పొలంలో ఉన్నాం. ఇదంతా అవ్వ చాలా రోజుల తర్వాత చెప్పింది.

"ఎవలు బిడ్డా నువ్వు?" అని అడిగిందట.

"మల్లేష్ వాళ్ల అబ్బాయి ఫ్రెండ్‌ను అవ్వా."

"ఏ మల్లేషు, పెట్రోలు బంకు మల్లేషా?"

"ఆ, ఆయనే అవ్వా."

అవ్వ కుర్చీ వేసింది. ముందు టైరు, వెనక టైరు, రివర్సు, అన్నీ చెప్పింది. అతను ఓపికగా విన్నాడు. పోతూ, "మా అమ్మకు చూపిస్త, ఒక ఫోటో తీసుకుంట," అన్నాడు. అవ్వ నాయిన తల దువ్వి, దుప్పటి పక్కకు లాగి, కట్టు బాగా కనపడేలా సర్దింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. ఈ నడుమ మా ఇంట్లో ఒక మార్పు జరిగింది. ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే రోగం తగ్గదని సుక్కమ్మ చెబితే అందరం పట్టి నాయినను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాం. కట్టు ఉన్న కాలు గోడ వైపుకు పోయింది. గోడకు చూపించడానికి అవ్వ కట్టు కట్టలేదు. మర్నాడు ధోతి ఉతికి ఆరేసి, తలుపు వైపున్న కాలికి కట్టింది. అన్వేష్ రెండో ఫోటో కూడా వాళ్ల అమ్మ కోసమే తీసుకున్నాడు.

జూన్‌లో లక్ష్మీకాంతమ్మ మేడం తనే స్కూటీ వేసుకుని మా ఇంటికొచ్చింది. చాయ వద్దంది. ఫోను తీసి నాయిన మొహం ముందు పెట్టింది.

"బీమా కంపెనోళ్లు మనిషిని పంపి తీయించి కోర్టుకిచ్చిన ఫోటోలు ఇవి. ఒకదాంట్ల ఎడమ కాలికి కట్టు. ఒకదాంట్ల కుడి కాలికి కట్టు. దవాఖాన కాయితాలల్ల కాలు ఊసే లేదు. ఎల్లేషూ, నీకు ఏ కాలు ఇరిగింది?"

"రెండు మంచిగనే ఉన్నయి మేడం," అన్నాడు నాయిన.

మేడం ఇల్లంతా చూసింది. అమ్మ నోరు తెరవలేదు, మేడమే మాట్లాడొద్దంది. అవ్వ దుప్పటిని మెల్లగా నాయిన కాళ్ల మీదికి లాగుతోంది. మేడం చెయ్యి పెట్టి ఆ దుప్పటి తీసేసింది. జాజు మరకల కట్టు చూసింది. తర్వాత కుర్చీలో కూలబడి, "చాయ ఇయ్యిండ్రి," అంది.

జరిగింది నాయిన చెప్పాడు. అవ్వ తలవంచుకునే ఒక మాట అంది. "దెబ్బ అబద్ధమా మేడం? దెబ్బను నేను అబద్ధం జెయ్యలే. జాగ మార్చిన, గంతే."

"ఆ జాగ మార్చుడే కొంప ముంచిందవ్వా. కాలు దొంగదైతే నడుము గూడ దొంగదే అంటరు వాళ్లు. కేసే కొట్టేయమంటున్నరు." మేడం గ్లాసు కింద పెట్టింది. "ఒక్కటే తొవ్వ. ఉన్నదున్నట్టు చెప్పాలె. వచ్చే వారం కోర్టులో ఎంతియ్యాలెనో తేల్చనీకి రెండు పక్కలోళ్లను కూర్చోబెడుతున్నరు. ఎల్లేషు చెప్తే, తప్పించుకుంటున్నడంటరు. ఇంట్లోళ్లు ఇంకెవరన్న చెప్పాలె."

"నేను రాను," అంది అవ్వ. "ఊరంత దానిమ్మపండ్లు తెచ్చిన్రు. ఏం మొఖం పెట్టుకోని చెప్పాలె?"

"నీకు మాట్లాడొద్దన్నది నేనే గదా," అంది మేడం అమ్మతో. "ఇప్పుడు మాట్లాడమంటున్న."

అమ్మ ప్రయత్నించింది. "ఆయన పండుకున్నడు. అత్త కట్టింది," అంది. అక్కడితో ఆగి, "ఇంకేం చెప్పాలె మేడం?" అని అడిగింది.

మేడం లేచి తలుపు దగ్గరికి వచ్చి, దాన్ని తన వైపు లాగింది. వెనక నేను.

"నువ్వు అన్నీ చూస్తనే ఉన్నవు గదా?"

తల ఊపాను.

"అడిగినదానికే చెప్పు. ఒక్క మాట. ఎక్కువ చెప్తే దాంట్లకెంచి ఇంకోటి పట్టుకుంటరు."

నేను ఎక్కువ చెప్తానన్న భయం మా ఇంట్లో ఎవరికీ లేదు. వారమంతా అమ్మ బీమా లాయరుగా కూర్చుని "నీ పేరేంది?" అని అడిగింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా నా గొంతులోంచి 'శృతి' అనే మాట సరిగ్గా రాలేదు.

ఆ రోజు వాన పడుతోంది. నాయినను ఆటో వెనక సీట్లో సగం పడుకోబెట్టి తీసుకెళ్లాం. కోర్టు వరండాలో బెల్టు పెట్టుకుని గోడకు ఆని నిలబడ్డాడు. బెంచీ మీద కూర్చోలేడు. నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. చిన్న గది. బల్లకు అటు రిటైరైన జడ్జి ఒకాయన, ఇటు బీమా లాయరు, మా మేడం, మూలన ఇస్త్రీ చొక్కాతో అన్వేష్. బల్ల మీద రెండు ఫోటోలు. రెండింట్లోనూ నాయిన తల చక్కగా దువ్వి ఉంది.

"ఈ కట్టు ఎవరు కట్టారమ్మా?" అన్నాడు జడ్జి.

"అవ్వ."

"కాలికి దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"మరి ఎందుకు కట్టింది?"

ఒక్క మాటలో చెప్పాలని చూశాను. దానికి ఒక్క మాట లేదు. "సుక్కమ్మ ఆడబిడ్డ బల్ల కిందికి వంగి చూసింది సార్," అన్నాను.

మేడం కళ్లు మూసుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఆ మాట వెనక మిగతావన్నీ వచ్చాయి. నెత్తురు జరంతన్నా కారలేదా అని అడిగింది చెప్పాను. ఊళ్లో అనుకున్నది చెప్పాను. ధోతి, జాజు, పసుపు చెప్పాను.

"అలాంటప్పుడు నడుముకే కట్టొచ్చు కదా?" అన్నాడు బీమా లాయరు.

"అంగీ లోపల కనపడదు సార్."

"మరి రెండో ఫోటోలో ఇంకో కాలికి ఎట్లా వచ్చింది?"

"నాయినను ఇటు తిప్పినం సార్. అవ్వ తలుపు దిక్కున్న కాలికే కడ్తది."

జడ్జి చేత్తో నోరు తుడుచుకున్నాడు. "సరే. కాలు కాదు. నడుము నిజమని నీకెట్లా తెలుసు? స్కాన్ సంగతి కాదు, నువ్వు చూసింది చెప్పు," అన్నాడు.

"నాయిన తుమ్మొస్తే ముక్కు గట్టిగ పట్టుకుంటడు సార్. తుమ్మితే నడుము గుంజుతదని. పొద్దూకినంక నీళ్లు తాగడు. రాత్రి లేవాల్సొస్తే అమ్మ ఎత్తాలె. అమ్మ పొద్దంత పొలంల చేస్తది గదా, అందుకని. దూప గాలేదు అంటడు. అమ్మ నిజమే అనుకుంటది. పొద్దున మేం లేచేసరికి చెంబు ఖాళీ ఉంటది."

అన్వేష్ తన బూట్ల వైపు చూస్తున్నాడు.

జడ్జి రెండు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, బోర్లించి, పక్కకు జరిపాడు. "స్కాన్ రిపోర్టు తీయండి," అన్నాడు బీమా లాయరుతో. "అక్కడి నుంచి మాట్లాడుకుందాం." తర్వాత నాతో, "చాలమ్మా. నువ్వు బయట కూర్చో," అన్నాడు.

"ఇంకోటుంది సార్," అన్నాను. "కారు రివర్సు రాలేదు. అది అవ్వ చెప్పింది. ఒక్కసారే గుద్దింది."

"అలాగే."

"రాజారావు పెదనాయిన మంచోడే సార్. వెనకకు తిరిగి నడిపిండు, గంతే."

"శృతీ," అంది మేడం.

అటెండరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నడువు బిడ్డా," అంటూ గుమ్మం దాకా తీసుకొచ్చాడు. నేను వెనక్కి తిరిగే నడిచాను. వాళ్లు కాగితాలు విప్పుతున్నారు. నేను చెప్పాల్సిందేమో సగం కూడా కాలేదు.

"మేడం, ఆపరేషన్ సంగతి రాయించుండ్రి. ఇప్పుడు పడలేదని ఇడిచిపెడ్తరు. రేపు పడితే అది గూడ కంపెనోళ్లే ఇయ్యాలె అని, కాయితంల—"

అటెండరు తలుపు మూసేశాడు.